గాలి బరువు అడిగి మొదలుపెట్టేవాళ్లం

పొద్దున డ్యూటీ ఎక్కగానే మేము మొదట చేసే పని బేగంపేటకి ఫోన్ కొట్టడం. ఎయిర్‌పోర్టులోని వాతావరణ కేంద్రంలో ఎవరో ఒకరు ఎత్తేవారు. "సార్, ఇవాళ ప్రెషర్ ఎంతుందో చెప్పండి. సముద్రమట్టానికి సర్దింది వద్దు, మీ దగ్గర ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అని అడిగేదాన్ని. ఆ రెండో మాట మరిచిపోతే ఆ రోజు రిపోర్టులన్నీ తప్పే. పేపర్లో వేసే అంకె ఎప్పుడూ సముద్రమట్టానికి లెక్కగట్టినదే, 1010 మిల్లీబార్ల దగ్గర తిరుగుతుంటుంది. మన సికింద్రాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నిజంగా మన నెత్తిమీదున్న గాలి 950 దగ్గర. పాదరసం లెక్కలో చెబితే ఇంచుమించు 713 మిల్లీమీటర్లు. ఆ అంకెని మెషిన్ పక్కన వేలాడదీసిన పలక మీద సుద్దముక్కతో రాసేదాన్ని. పలక మీద అంకె పడకుండా ఒక్క శాంపిల్ కూడా లోపలికి పోయేది కాదు.

ఆ మెషిన్ బ్లడ్ గ్యాస్ అనలైజర్. ఏబీజీ మెషిన్ అంటే ఐసీయూ వాకిట్లో నాలుగు రోజులు కూర్చున్న వాళ్లెవరికైనా తెలుస్తుంది. మణికట్టు దగ్గర ధమనిలోంచి తీసిన రక్తంలో అది కొలిచేవి మూడు. ఒకటి పీహెచ్, రెండు కార్బన్ డయాక్సైడ్ పీడనం, మూడు ఆక్సిజన్ పీడనం. బైకార్బొనేట్ లాంటివి ఆ మూడింటి నుంచి కట్టే లెక్కలు. పీహెచ్ 7.35కీ 7.45కీ మధ్య ఉండాలి. అంత సన్నటి దారి అది. షుగర్ రిపోర్టు తప్పొస్తే సాయంత్రం మళ్లీ తీస్తారు. ఏబీజీ అలా కాదు. కాగితం చేతికందిన ఐదు నిమిషాల్లో డాక్టరుగారు వెంటిలేటర్ తిప్పుతారు, గొంతులో గొట్టం వేయాలా వద్దా తేలుస్తారు. అందుకే నాకు ఈ మెషిన్ అంటే భయం. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఆ భయం పోలేదు. పోకూడదనే నేను ఇప్పటికీ అంటాను.

నేను 1979లో చేరాను, 2012లో రిటైరయ్యాను. చేరినప్పుడు మా లాబ్‌లో ఏబీజీ మెషిన్ లేదు. ఈసీఐఎల్ వాళ్ల పీహెచ్ మీటర్ ఒకటి, బ్యూరెట్లు, పిపెట్లు. నోటితో పీల్చి పిపెట్ నింపేవాళ్లం, గ్లవ్స్ అనే మాట లేదు. అది మంచి పద్ధతని నేను ఎన్నడూ అనను, ఆ పని చేసినందుకు మాలో కొందరికి కామెర్లు వచ్చాయి. మెషిన్ 1984లో వచ్చింది. చెక్కపెట్టె విప్పిన రోజు పెద్ద డాక్టరుగారు కూడా వచ్చి నిలబడ్డారు.

పొద్దున ఆరున్నరకి దాని సేవ మొదలయ్యేది. నీళ్ల తొట్టి 37 డిగ్రీలు పట్టిందా చూడాలి. రెండు గ్యాస్ సిలిండర్లు, ఒకదాంట్లో 5 శాతం కార్బన్ డయాక్సైడ్, ఇంకోదాంట్లో 10. ఆ గ్యాస్ నీళ్లలోంచి బుడగలు బుడగలుగా, తేమ పట్టి రావాలి. తర్వాత పీహెచ్ సరిచూసే బఫర్లు, ముందు 7.38, ఆ తర్వాత 6.84. ఎలక్ట్రోడ్ల మీద ఉల్లిపొర కంటే పల్చటి పొర ఒకటుంటుంది, మెంబ్రేన్ అంటాం. దాన్ని మార్చే రోజు ఎవరూ నాతో మాట్లాడేవాళ్లు కారు. మూతిలో ఒక్క చుక్క ద్రావణం వేసి, పొర పరిచి, సన్నటి రబ్బరు రింగు ఒక్క తోపులో ఎక్కించాలి. ఎక్కించాక కిటికీ వెలుగులో పెట్టి భూతద్దంతో చూడాలి. పొర కింద ఆవగింజలో పావంత గాలి బుడగ చిక్కినా, పొర అంచున వెంట్రుకంత ముడత పడినా అంకె నిలబడదు, మెల్లగా జారుతూనే ఉంటుంది. తీసేసి మళ్లీ మొదటి నుంచి. ఒకసారి ఏడు పొరలు పాడుచేశాను. ఎనిమిదోది కూర్చుంది. ఆ రోజు నుంచి జారే అంకె నా కంటికి దూరం నుంచే పట్టుబడేది.

ఎండాకాలం ఇంకో గొడవ. మే నెలలో కరెంటు పోతే గది 40 దాటేది, తొట్టి నీళ్లు 37కి దిగేవి కావు. ఐస్ ముక్కలు వేసి దించేవాళ్లం. ఈ ఊరి ఎండలో మెషిన్‌తో కుస్తీ పట్టడం మాతో మొదలైందీ కాదు. 1897 ఆగస్టులో ఇదే బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పురుగు కోసం వెతుకుతున్నప్పుడు ఆయన మైక్రోస్కోపు మరలు చెమటకి తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క ఐపీసూ పగిలి ఉంది. కోసిన దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వేయనిచ్చేవాడు కాదు. ఆగస్టు 20న దొరికింది. ఆయన పనిచేసిన భవనం ముందు నుంచి బస్సు వెళ్లినప్పుడల్లా నేను చూపు తిప్పి చూస్తాను. పగిలిన ఐపీస్‌తో చూసినవాడికి, తను చూస్తున్నది పురుగా లేక గాజు మీది గీతా అన్న అనుమానం ఎన్నిసార్లు వచ్చుంటుందో కదా.

ఆ అనుమానమే ఇప్పుడు లాబుల్లో కనబడటం లేదు.

నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి ఇప్పుడొక ఆసుపత్రిలో లాబ్ ఇన్‌ఛార్జి. పోయిన నెల ఫోన్ చేసింది. "మేడమ్, కొత్త ఏబీజీ మెషిన్ వచ్చింది. పాతదానితో పోల్చి చూస్తే ఆక్సిజన్ కుదరట్లేదు. ఒకసారి వచ్చి చూస్తారా?" అంది. వెళ్లాను. మెషిన్ చూస్తే మిక్సీ అంత ఉంది. సిలిండర్లు లేవు, తొట్టి లేదు, పొర మార్చే పని లేదు. అన్నీ ఒక కార్ట్రిడ్జ్‌లో ఉంటాయి, అయిపోతే తీసి పారేసి ఇంకోటి తోయడమే. రెండు నిమిషాల్లోపే కాగితం వస్తుంది. మా కాలంలో ఒక శాంపిల్‌కి రెండు మిల్లీలీటర్లు లాగేవాళ్లం. ఇప్పుడు కొన్ని చుక్కలు చాలు. కిలో బరువుతో పుట్టిన పసిగుడ్డు దగ్గర మేము రోజుకి మూడుసార్లు రక్తం లాగిన సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ గుండె కలుక్కుమంటుంది. ఆ విషయంలో ఈ మెషిన్‌కి చేతులెత్తి దండం పెడతాను.

"ఇవాళ బారోమీటర్ ఎంత చూపిస్తోంది?" అని అడిగాను. డ్యూటీలో ఉన్న కుర్రాడు నా వంక చూశాడు. "అది మెషినే చూసుకుంటుంది మేడమ్" అన్నాడు.

ఆ మాట నేను ఇదివరకు ఒకసారి విన్నాను. దాని ఖరీదు నాకు తెలుసు. సర్వీసు చివరి ఏళ్లలో వేరే ఆసుపత్రిలో పనిచేశాను, దాని పేరు ఇక్కడ అనవసరం. అక్కడ మెషిన్ బిగించిన సర్వీసు మనిషి ప్రెషర్ దగ్గర 760 అని పెట్టి వెళ్లిపోయాడు. 760 సముద్రం ఒడ్డున ఉండే అంకె. మెషిన్ అదే నమ్మింది. లెక్క చిన్నదే, చెబుతాను. 37 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి 47 మిల్లీమీటర్లు తినేస్తుంది. మన 713లో 47 పోతే 666. అందులో 5 శాతం అంటే 33.3. మెషిన్ మాత్రం 760లోంచి 47 తీసి, 713లో 5 శాతం, అంటే 35.6 అనుకుని తన కొలబద్దని సర్దుకుంది. ఇక అక్కడి నుంచి ప్రతి రీడింగూ 7 శాతం ఎక్కువే. ఆక్సిజన్ నిజంగా 56 ఉన్న మనిషికి 60 చూపిస్తుంది. శ్వాస విఫలమైందని డాక్టర్లు గీసుకున్న గీత ఆ 60 దగ్గరే ఉంది.

మరి మెషిన్ సరిగ్గా ఉందో లేదో చూసే క్యూసీ రోజూ వేశారు కదా, అది ఎందుకు పట్టుకోలేదు? ఆ తనిఖీకి వాడే కంట్రోల్ ఆంపూల్ కూడా 7 శాతం ఎక్కువే చూపించింది. కానీ చార్టులో నడిమి గీత ఆ మెషిన్ మీదే, మొదటివారం వచ్చిన రీడింగులతోనే గీసుకున్నారు. దొంగ చెప్పిన లెక్కతోనే దొంగని తనిఖీ చేసినట్టు. ప్రతి చుక్కా గీత పక్కనే పడింది, ఫైల్ నిండా పాస్ అని సంతకాలు.

దాన్ని పట్టుకున్నది టోనోమీటర్. ఇప్పటి పిల్లలకి ఆ పేరే తెలియదు. బ్లడ్ బ్యాంకులో గడువు తీరిన రక్తం కొంచెం తెచ్చుకుని, గాజు గిన్నెలో 37 డిగ్రీల దగ్గర తిప్పుతూ, మనకి తెలిసిన గ్యాస్‌ని తేమ పట్టించి దాని మీదుగా పోనిస్తాం. కాసేపటికి రక్తం ఆ గ్యాస్‌తో సమానమైపోతుంది. 12 శాతం ఆక్సిజన్ ఉన్న గ్యాస్ అయితే 666లో 12 శాతం, అంటే 80. ఏ కంపెనీ చెప్పక్కర్లేదు, ఏ ఆంపూల్ మీద చీటీ చదవక్కర్లేదు. ఆ రక్తంలో ఆక్సిజన్ 80 అయి తీరాలి. నేను అక్కడ చేరిన మూడోవారంలో మూలనపడున్న టోనోమీటర్ దుమ్ము దులిపి ఆ పని చేశాను. 80 రావాల్సిన చోట 86 వచ్చింది. మళ్లీ చేశాను, 85. రిజిస్టర్ తీసి వెనక్కి తిప్పుకుంటూ పోయాను. 60, 61, 62 అని రాసి ఉన్న వాళ్ల పేర్ల దగ్గర వేలు ఆగిపోయేది. వాళ్లలో కొందరు అప్పటికే ఇంటికి వెళ్లిపోయారు. కొందరు ఎక్కడికి వెళ్లారో నేను అడగలేదు, అడిగే ధైర్యం రాలేదు.

అంకె తప్పయితే ఏమవుతుందో, ఒప్పయితే ఏమవుతుందో ఈ మెషిన్ పుట్టుకలోనే ఉంది. 1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో విరుచుకుపడింది. బ్లెగ్డమ్ ఆసుపత్రిలో మొదటి వారాల్లో శ్వాస యంత్రాల కింద పెట్టిన 31 మందిలో 27 మంది చనిపోయారు. రక్తంలో బైకార్బొనేట్ ఎక్కువగా కనిపించింది కాబట్టి ఒంట్లో క్షారం పెరిగిందని డాక్టర్లు అనుకున్నారు. మత్తుమందు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ అది కాదన్నాడు. ఊపిరి ఆడక కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతోంది, అసలున్నది ఆమ్లం అన్నాడు. పీహెచ్ కొలిస్తే ఆయన మాటే నిజమైంది. గొంతులో గొట్టం పెట్టి, వందలాది వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు చేత్తో రబ్బరు సంచి నొక్కి ఊపిరి పోశారు. చావులు బాగా తగ్గాయి. ఆ ఆసుపత్రి లాబ్ పెద్ద పౌల్ ఆస్‌ట్రప్ ఆ తర్వాత రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే పద్ధతి కట్టాడు. అమెరికాలో క్లార్క్ ఆక్సిజన్ ఎలక్ట్రోడ్, సెవరింగ్‌హాస్ కార్బన్ డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ అదే దశాబ్దంలో వచ్చాయి. ఆ రెండూ, పీహెచ్ ఎలక్ట్రోడూ ఒకే పెట్టెలో చేరితే మా 1984 నాటి మెషిన్.

మొన్న కోవిడ్‌లో వేలికి తగిలించే ఆక్సీమీటర్ ప్రతి ఇంటికీ వచ్చింది. మా వీధిలో పిల్లలు కూడా 94, 92 అని చదివేవాళ్లు. రొప్పి రొప్పి మనిషి అలిసిపోతున్నాడా లేదా అన్నది మాత్రం ఆ వేలి మీది పరికరం చెప్పదు. ఆ సంగతి కార్బన్ డయాక్సైడ్ అంకె చెప్పాలి. ఆ రోజుల్లో గాంధీలో, మిగతా ఆసుపత్రుల్లో ఐసీయూ లాబుల్లో నిద్రలేకుండా నిలబడ్డ టెక్నీషియన్ పిల్లలని తలుచుకుంటే నాకు గర్వం. వాళ్ల మీద కోపంతో ఇదంతా రాయడం లేదు. వాళ్లకి మెషిన్ ఇచ్చి, దాన్ని శంకించడం నేర్పకుండా వదిలేసిన వాళ్ల మీద కోపం.

సరే, ఆ కొత్త మెషిన్ సంగతి. కంపెనీ మనిషి అప్పటికే ఒక గ్రాఫ్ ఇచ్చి వెళ్లాడు. నలభై శాంపిల్స్ రెండు మెషిన్లలోనూ చేసి, ఒకదాని మీద ఇంకోటి గీస్తే చుక్కలన్నీ ఏటవాలుగా వరసలో పడ్డాయి. కింద కోరిలేషన్ 0.99 అని లావు అక్షరాల్లో అచ్చు వేశాడు. మా ఇన్‌ఛార్జి ముందు డాక్టరుగారు "0.99 ఉంది కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నారట. ఆ 0.99 ఏమీ చెప్పదండీ. 760 పెట్టిన ఆ పాత మెషిన్‌ని దీని పక్కన పెట్టి గీసినా చుక్కలు అంత అందంగానే వరస కట్టేవి. ప్రతిదీ 7 శాతం ఎక్కువ చూపించినా కోరిలేషన్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఈ మాట బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే ఇద్దరు 1986లో లాన్సెట్ పత్రికలో విప్పి చెప్పారు. రెండు మెషిన్ల రీడింగులు ఒకదాంట్లోంచి ఒకటి తీసేయండి, ఆ తేడాని సగటుకి ఎదురుగా గీయండి, అప్పుడు బండారం బయటపడుతుందన్నారు. నలభై ఏళ్లు కావస్తున్నా ఇంకా 0.99 చూపించి మెషిన్లు అమ్ముతున్నారు, మనం సంతకాలు పెడుతున్నాం.

హద్దులో ఉందా లేదా అన్న మాటకి కూడా నేను లొంగను. అమెరికా వాళ్ల క్లియా నియమాల్లో కార్బన్ డయాక్సైడ్‌కి ఇచ్చిన సందు 5 మిల్లీమీటర్లు లేదా 8 శాతం, ఏది ఎక్కువైతే అది. పీహెచ్‌కి 0.04. ఆ 7 శాతం తప్పు హద్దులోపల హాయిగా ఇమిడిపోతుంది. పరీక్ష పాసైన మెషిన్ అది.

ఇద్దరం కాగితం ముందేసుకుని నలభై తేడాలూ చేత్తో గీశాం. పీహెచ్ బాగుంది. కార్బన్ డయాక్సైడ్ కూడా ఫర్వాలేదు. ఆక్సిజన్ దగ్గర చుక్కలు వంకర తిరిగాయి. వంద దగ్గరున్న రీడింగులు కొత్త మెషిన్‌లో పెరిగాయి, రెండు వందలు దాటినవి తగ్గాయి. కొన్ని పైకి, కొన్ని కిందికి. కానీ అన్నీ ఒకే ఊరికి ప్రయాణం కట్టాయి, 150 దగ్గరికి. 713లో ఇరవై ఒక్క శాతం వేసి చూడండి. అది మన చుట్టూ ఉన్న గాలి. రక్తంలో గాలి కలిసి వస్తోందన్నమాట.

"శాంపిల్ ముందు ఏ మెషిన్‌లో పెడుతున్నారు?" అన్నాను.

"పాతదాంట్లో మేడమ్. తర్వాత ఐస్‌లో పెట్టి కింది అంతస్తుకి తెస్తున్నాం. లిఫ్ట్ దొరికేసరికి ఇరవై నిమిషాలు, అరగంట అవుతోంది."

"సిరంజి ఏది?"

ప్లాస్టిక్ సిరంజి, ఐస్ ముక్కల్లో కూరుకుపోయి వచ్చింది. మా ఐస్ అలవాటు అది, మా తరానిదే. కానీ మేము వాడింది గాజు సిరంజి. గాజులోంచి గాలి దూరదు, ఐస్‌లో పెడితే రక్తకణాలు ఆక్సిజన్ తినడం నెమ్మదిస్తుంది. ప్లాస్టిక్ గోడలోంచి ఆక్సిజన్ అటూ ఇటూ కారుతుంది, పైగా చల్లబడ్డ రక్తం ఆక్సిజన్‌ని మరింత లాక్కుంటుంది. ప్లాస్టిక్ అయితే ఐస్ వద్దు, మామూలు గదిలోనే ఉంచి అరగంటలోపు చేసేయాలన్నది ఇప్పటి నియమం. మేము చేసినవాటిలో నిలబెట్టుకోవాల్సినవి అన్నీ వదిలేశారు. గాలి బరువు అడగడం వదిలేశారు, టోనోమీటర్ వదిలేశారు, సిరంజి అందగానే బుడగ తోసేయడం వదిలేశారు. వదలాల్సిన ఐస్‌ని మాత్రం పట్టుకున్నారు. రక్తం గడ్డకట్టకుండా వేసే హెపారిన్ చుక్క సిరంజిలో మిగిల్చి కార్బన్ డయాక్సైడ్‌ని పల్చబరచడం మా కాలంలోనూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆంపూల్‌ని ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగానే పగలగొట్టడం, కొస పట్టుకోకుండా నడుం పట్టుకుని ఒంటి వేడి ఎక్కించడం, పగలగొట్టి ఫోన్ మాట్లాడి వచ్చి పెట్టడం, ఫెయిలైతే పాసయ్యేదాకా ఆంపూల్ మీద ఆంపూల్ పగలగొట్టడం, ఇవన్నీ నేను ఆ ఒక్క పూటలో చూశాను. కుర్రాడికి ఒక్కొక్కటీ చెప్పాను. పాపం, శ్రద్ధగా విన్నాడు. ఎవరూ చెప్పలేదు మేడమ్ అన్నాడు. నిజమే అయ్యుంటుంది.

"నలభై మళ్లీ చేయాలా?" అంది మా అమ్మాయి.

"చేయాలమ్మా. రెండు మెషిన్లూ ఒకే బల్ల మీద పెట్టించు. సగం శాంపిల్స్ ముందు దీంట్లో, సగం ముందు దాంట్లో. ఐస్ బకెట్ ఈ గదిలోకి రాకూడదు."

సాయంత్రానికి పాత మెషిన్‌ని చక్రాల బల్ల మీద కిందికి దింపించింది. బారోమీటర్ సరిచూద్దామని ఫోన్‌లో వాతావరణం తెరిచి "1011 మిల్లీబార్లు చూపిస్తోంది మేడమ్" అంది.

"అది సముద్రమట్టానిది. బేగంపేటది కావాలి."

నంబర్ వెతికి పట్టుకుని వాతావరణ కేంద్రానికి ఫోన్ చేసింది. నేను పక్కన నిలబడి విన్నాను. "సర్దింది వద్దు సార్, మీ దగ్గర ఉన్నది ఉన్నట్టు..." అని తనే అడిగింది. అటునుంచి చెప్పింది లెక్క కడితే 712. కుర్రాడు కొత్త మెషిన్ మెనూలో వెతికి వెతికి ఆ పేజీ తెరిచాడు. 713 ఉంది. మెషిన్‌ది ఏ తప్పూ లేదు. రెండంకెలూ తేదీ వేసి ఒక కాగితం మీద రాసి, మెషిన్ పక్క గోడకి అంటించాడు.

ఇంతలో ఐసీయూ నుంచి మొదటి సిరంజి వచ్చింది. మూతి పైకెత్తి వెలుగులో చూశాను. చిన్న బుడగ ఒకటుంది. దూదిలోకి తోసేసి, మూత పెట్టి, రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తూ కుర్రాడికి అందించాను.